ముప్పై ఒక్క ఏళ్ల తొలి ప్రయత్నం

మనస్తత్వశాస్త్రం డిగ్రీ చదివే పిల్లలు మూడో ఏడాది చివర ఒక మనిషిని వెంట తెచ్చుకోవాలి. పుస్తకం ఆ మనిషిని ప్రయోజ్యుడు అంటుంది. అంటే ప్రయోగం ఎవరి మీద జరుగుతుందో ఆ మనిషి. ఆ ప్రయోగం గురించి అతనికి ముందుగా ఏమీ తెలిసి ఉండకూడదు. నిబంధన అంతే. చూడ్డానికి చిన్నదే.

కానీ పరీక్ష రోజు పొద్దున తొమ్మిదింటికి ఏమీ తెలియని మనిషి దొరకడం అంత తేలిక కాదు. వస్తానన్న మేనమామకు జ్వరం వస్తుంది. పక్కింటావిడ తలుపు తీయదు. ఒప్పుకున్న స్నేహితురాలు బస్సు తప్పిపోయిందంటుంది. అప్పుడు పిల్లలు వరండా చివర స్టూలు మీద కూర్చున్న మనిషి దగ్గరికి పరుగెత్తుతారు.

"బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటాను. మా మావయ్య చెయ్యిచ్చాడు."

"కాళ్లెందుకమ్మా, పెన్సిలివ్వు," అంటాడు బాబాయ్.

ఆయన ప్రయోగశాల అటెండరు. పొద్దున తాళం తీస్తాడు. అద్దాలు తుడుస్తాడు. స్టాప్‌వాచీలకు కీ ఇస్తాడు. సాయంత్రం తాళం వేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. నియామకపు కాగితంలో లేని పని ఇంకొకటి ఉంది. ఏమీ తెలియకపోవడం.

ప్రయోగాలు చాలా ఉన్నాయి గానీ పరీక్షలో ఎప్పుడూ వచ్చేది అద్దం ప్రయోగమే. ఒక చెక్క అర. అందులో బల్ల, బల్ల మీద అద్దం, అద్దం ముందు జంట గీతలతో అచ్చువేసిన నక్షత్రం బొమ్మ. చెయ్యి కనబడకుండా పైన ఒక రేకు తెర. ప్రయోజ్యుడు అద్దంలో మాత్రమే చూస్తూ, రెండు గీతల మధ్య నుంచి పెన్సిలు నడిపి నక్షత్రం పూర్తి చేయాలి. అద్దంలో ముందుది వెనక్కి, వెనకది ముందుకి కనబడుతుంది. గీతను తాకితే ఒక తప్పు. ఎంతటి వాడైనా మొదటిసారి తడబడతాడు. రెండోసారి కాస్త తక్కువ. అలా ఆరుసార్లు. గ్రాఫు గీస్తే తప్పులు మెట్లు దిగివస్తున్నట్టు కనబడాలి. పుస్తకంలో అలాగే ఉంది.

నిజానికి బాబాయ్ ఆ నక్షత్రాన్ని ఒక్క తప్పు లేకుండా పదకొండు సెకన్లలో గీసేవాడు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాదే, ఒక సెలవు రోజున ఎవరూ లేనప్పుడు, ఆ సంగతి తనే కనుక్కున్నాడు. అది ఎవరికీ పనికొచ్చే విద్య కాదని కూడా అప్పుడే అర్థమైంది. అందుకని తప్పులు నేర్చుకున్నాడు. మొదటిసారి పద్నాలుగు. తర్వాత పదకొండు, ఎనిమిది, ఆరు, అయిదు. ఆరోసారి మళ్లీ అయిదే. చివరి రెండూ సమానంగా ఉంటే పిల్లలకు రాసుకోవడానికి ఒక పేరా ఎక్కువ దొరుకుతుంది. అది ఆయన చలవ.

అద్దం ఒక్కటే ఉండడం వల్ల పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లేవాళ్లు. బాబాయ్ బయటికి వచ్చే అవసరమే ఉండేది కాదు. ఎగ్జామినరు అప్పుడు పెద్దమేడం గదిలో టీ తాగుతూ ఉండేవాడు. పెద్దమేడం ఆ శాఖకు అధిపతి. ఆవిడకు ఈ సంగతి తెలుసా అంటే తెలుసు. పరీక్ష రోజున మాత్రం ఆవిడ తన గది తలుపు దగ్గరగా వేయించేది.

రికార్డు పుస్తకంలో ప్రయోజ్యుడి వివరాలు రాయాలి. అక్కడ పిల్లలు తలా ఒక మనిషిని పుట్టించేవాళ్లు. పరీక్షలయ్యాక రికార్డులు కట్టలు కట్టేటప్పుడు, ఆ ఏడాది తానెవరెవరో బాబాయ్ చదువుకునేవాడు. నర్సు. నావికుడు. పదహారేళ్ల విద్యార్థిని. ఎడమచేతి వాటం వడ్రంగి. వివరాలు ఎన్ని మారినా పూర్వానుభవం అన్న గడిలో మాత్రం ఒకటే మాట. లేదు.

కాలక్రమంలో ఆయన కూతురు కూడా అదే చదువులో చేరింది. ఎవరూ చేర్పించలేదు, తనే ఎంచుకుంది. మనుషులు ఎందుకు అలా ఉంటారో తెలుసుకోవాలని ఉందంది. బాబాయ్ కాదనలేదు. తను తాళం తీసిన గదిలోకి కూతురు ఏదో ఒకనాడు పాఠం చెప్పడానికి నడిచి వస్తుందని మనసులో ఒక బొమ్మ వేసుకున్నాడు. దానికి పై చదువు కావాలి. పై చదువులో సీటు రావాలంటే ఈ ప్రయోగ పరీక్షలో యాభైకి నలభై రావాలి. ఒక్కటి తగ్గినా ఆ బొమ్మ చించి పారేయాల్సిందే. ఆయనకు ఆ దిగులేం లేదు. నలభై ఏం ఖర్మ, నలభై అయిదు తన చేతిలో ఉన్నాయి.

పరీక్షకు పది రోజుల ముందు ఆ పిల్ల పాత రికార్డుల బీరువా తెరిచింది. చదువుకుందామనే తెరిచింది. కాసేపటికి నాలుగు పుస్తకాలు చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"నాన్నా, ఈ నావికుడెవరు?"

"నేనే."

"ఈ నర్సు?"

"నేనేనమ్మా."

"ఇక్కడ గర్భిణీ స్త్రీ అని ఉంది."

"ఆ ఏడాది ఇద్దరున్నారు," అన్నాడు బాబాయ్ నిజాయితీగా. "ఇద్దరూ నేనే. నీకెలా తెలిసింది?"

ఆమె నాలుగు నక్షత్రాలూ నేల మీద పరిచింది. నాలుగింటికీ మూడో మూల దగ్గర చిన్న కొక్కెం లాంటి వంపు ఉంది. ఎప్పుడో బీరువా తలుపు సందులో పడి బాబాయ్ బొటనవేలు నలిగింది. అప్పటి నుంచి అది పూర్తిగా వంగదు. ఆ మూల తిరిగేటప్పుడు పెన్సిలు కాస్త జారి వెనక్కి వస్తుంది. అన్ని తప్పులూ ఆయన చేసినవే గానీ, ఆ ఒక్కటీ దానంతట అదే అయ్యేది.

"ముప్పై ఏళ్లుగా ఇక్కడ మనుషుల గురించి నేర్చుకున్నదంతా ఒక్క మనిషి గురించేనన్నమాట," అంది కూతురు.

"ఏం, నేను మనిషిని కానా?"

"నా పరీక్షకి మాత్రం నువ్వొద్దు నాన్నా. నిజం మనిషిని తెచ్చుకుంటాను."

ఊళ్లో పిల్లలందరినీ గట్టెక్కించిన మనిషికి సొంత పిల్ల దగ్గర ఆ మాట పడింది. ఆయన స్టాప్‌వాచీకి కీ ఇచ్చాడు. అది అప్పటికే బిగుసుకుపోయి ఉంది.

నిజం మనిషి ఎవరో కాదు, వాళ్లమ్మ. ఆవిడ ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే దుకాణంలో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లుగా భర్త ఆఫీసులో ఏం చేస్తాడో ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. కాబట్టి ప్రయోగం గురించి ఏమీ తెలియని మనిషి ఆ ఊళ్లో ఎవరైనా ఉంటే ఆవిడే. కూతురి లెక్క సరిగ్గానే ఉంది, ఒక్క విషయంలో తప్ప. ఆవిడ రోజంతా అద్దంలో చూస్తూనే చేతులు ఆడిస్తుంది. ఆ సంగతి తల్లికి తట్టలేదు, కూతురికి తట్టలేదు. ఇంట్లో రోజూ చూసే మనిషి గురించి ఎవరికీ ఏమీ తట్టదు.

పరీక్ష రోజు ఆవిడ అరగంట అనుమతి తీసుకుని వచ్చింది. జేబులో దువ్వెన అలాగే ఉంది. కూర్చుంది. అద్దంలోకి చూసింది. పందొమ్మిది సెకన్లలో గీసి పెట్టింది. ఒక్క తప్పు.

రెండోసారి అసలు తప్పే లేదు.

"ఇంకోసారమ్మా."

"ఎన్నిసార్లు గీయించుకుంటావే ఒకటే బొమ్మ? మొదటి దానికి ఏమొచ్చింది?"

"ఆరుసార్లు గీయాలమ్మా. పద్ధతి."

మూడోసారి నాలుగు తప్పులు. నాలుగోసారి ఆరు. అయిదోసారికి ఆవిడ దుకాణంలో సగం జుట్టుతో కూర్చోబెట్టి వచ్చిన మనిషి గురించి చెబుతోంది. ఆరోసారి తొమ్మిది. గ్రాఫు మెట్లు ఎక్కుతూ పోయింది. ఆవిడ లేచి, కూతురి నుదుటి మీద వెంట్రుకలు సర్ది, గబగబా వెళ్లిపోయింది.

తక్కిన పదకొండు మందికీ బాబాయ్ కూర్చున్నాడు. పద్నాలుగు, పదకొండు, ఎనిమిది, ఆరు, అయిదు, అయిదు. పదకొండుసార్లు.

ఆ ఏడాది వచ్చిన ఎగ్జామినరు పై ఊరి కాలేజీలో ప్రొఫెసరు. జుట్టు పోయింది, కళ్లజోడు వచ్చింది గానీ బాబాయ్ గుర్తుపట్టాడు. పందొమ్మిదేళ్ల కింద ఇదే గదిలో, ఇదే పరీక్షలో, ఆయన రబ్బరు మరిచిపోయి వచ్చాడు. ఆయన రికార్డులో బాబాయ్ ఈతగాడు. ప్రొఫెసరు గుర్తుపట్టినట్టు కనబడలేదు.

ఆయన పదకొండు రికార్డులు చకచకా సంతకం పెట్టి, పన్నెండోది పట్టుకుని ప్రయోగశాలకు వచ్చాడు.

"ఇదేమిటమ్మా? మొదటిసారే ఒక్క తప్పా? అభ్యాసం పెరిగే కొద్దీ తప్పులు పెరగడమా? లోకంలో ఇలాంటి మనిషి ఉంటుందా?"

"ఉంది సార్. మా అమ్మ."

"పదకొండు మంది మనుషులు ఒకలా ప్రవర్తిస్తే మీ అమ్మ ఒక్కతే ఇంకోలా ప్రవర్తించిందా? కల్పన అని తెలిసిపోతోంది. కనీసం పుస్తకం చూసి కల్పించాల్సింది." ఎర్రసిరాతో పేజీకి అడ్డంగా గీత కొట్టాడు. తర్వాత కాస్త మెత్తబడ్డాడు. "ఒక అవకాశం ఇస్తాను. ఇప్పుడే, నా ఎదుట, ఇంకొకరి మీద చెయ్యి. ఎవరున్నారు బయట?"

బయట ఎవరున్నారు? వరండా చివర స్టూలు ఉంది. దాని మీద మనిషి ఉన్నాడు.

"ఆయన్ని కూర్చోబెట్టు," అన్నాడు ప్రొఫెసరు కిటికీలోంచి బయటికి చూస్తూ.

బాబాయ్ వచ్చి చెక్క అరలో కూర్చున్నాడు. ఆ పూట పన్నెండోసారి. భుజం పక్కనే కూతురు. ఆమె కాగితం తీసి, ఎవరో పరాయి మనిషికి చదివినట్టు సూచనలు చదివింది. అద్దంలోనే చూడాలి. గీతలు తాకకూడదు. పెన్సిలు ఎత్తకూడదు. తర్వాత, ముప్పై ఒక్క ఏళ్లలో ఏ పిల్లా నోరు తెరిచి అడగని ప్రశ్న అడిగింది.

"ఇంతకుముందు మీరు ఈ ప్రయోగంలో పాల్గొన్నారా?"

బాబాయ్ అద్దంలోకి చూశాడు. లేదు అంటే నలభై అయిదు. కూతురు రాసుకుంటుంది, పై చదువు చదువుతుంది, ఈ గదిలోకి పాఠం చెప్పడానికి వస్తుంది. వచ్చినప్పుడల్లా స్టూలు మీద తనను చూస్తుంది. ఆ చూపు ఎలా ఉంటుందో అద్దంలో ఇప్పుడే కనబడుతోంది.

"పాల్గొన్నాను," అన్నాడు.

ప్రొఫెసరు దగ్గాడు.

"ఎన్నిసార్లు?"

"లెక్కలేదమ్మా. ముప్పై ఒక్క ఏళ్లు."

ఆమె రాసింది. స్టాప్‌వాచీ నొక్కింది.

చెప్పాల్సిన నిజం ఎలాగూ చెప్పాడు, ఇక నటించడం ఎందుకు? తనకు వచ్చిన విద్యంతా చూపించేద్దామనుకున్నాడు బాబాయ్. పదకొండు సెకన్లు, ఒక్క తప్పు లేకుండా. కూతురు ఒక్కసారైనా చూడాలి. పెన్సిలు కదిపాడు.

మొదటి మూల దగ్గరే గీత తాకింది. సర్దుకున్నాడు. మళ్లీ తాకింది. ఇన్నేళ్లూ ఇక్కడ జారు అని పెన్సిలుకు చెబుతూ వచ్చాడు. ఇవాళ జారకు అని చెప్పాడు. అది వినలేదు. మూడో మూల దగ్గర కొక్కెం. పూర్తయ్యేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"పద్నాలుగు," అంది కూతురు.

రెండోసారి పళ్లు బిగించి గీశాడు. పదకొండు. తర్వాత ఎనిమిది. తర్వాత ఆరు. అయిదు. ఆఖరిసారి ఊపిరి బిగబట్టి, ప్రతి మూలా మనసులో ముందే తిరిగి చూసుకుని గీశాడు. మళ్లీ అయిదే.

"నాన్నా, కావాలని చేశావా?" అంది ఆమె గొంతు తగ్గించి.

"లేదమ్మా. ఒట్టు. రావడం లేదు."

ఆమె ఆయన ముఖం చూసింది. తప్పులు నటించే మనిషికి అంత చెమట పట్టదు. కూర్చుని నివేదిక పూర్తి చేసింది. చివర రెండు వాక్యాలు రాసింది. "ప్రయోజ్యుడు తప్పు చేయకూడదని మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. దీర్ఘకాలం తప్పులను అభ్యసించడం వల్ల అది సాధ్యం కాలేదు."

ప్రొఫెసరు గ్రాఫు చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"బ్రహ్మాండం. పుస్తకంలో అచ్చువేసినట్టుంది. పూర్వానుభవం, ఈ చివరి రెండు వాక్యాలు కొట్టెయ్. నలభై అయిదు వేస్తాను."

"కొట్టేస్తే అబద్ధం అవుతుంది సార్."

"అబద్ధం కాదమ్మా, రికార్డు."

ఆమె పెన్ను మూత పెట్టేసింది. ప్రొఫెసరు నక్షత్రం బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు. వేలితో మూడో మూల తడిమాడు. నిజం రాసినందుకు అయిదు మార్కులు కోసి నలభై వేసి, సంతకం పెట్టాడు. ఆ గదిలో నిజం అంతకంటే చవగ్గా ఎప్పుడూ దొరకలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆ బొటనవేలు ఇంకా వంగడం లేదా బాబాయ్?"

"వంగదు సార్."

ప్రొఫెసరు తల ఊపి వెళ్లిపోయాడు.

సాయంత్రం రికార్డులు కట్ట కట్టేటప్పుడు బాబాయ్ అలవాటు కొద్దీ తానెవరో చదువుకున్నాడు. పదకొండు చోట్ల పదకొండు మంది. ఒక పోస్టుమాను, ఒక గాయని కూడా ఉన్నారు. పన్నెండో దాంట్లో పురుషుడు, యాభై తొమ్మిదేళ్లు, అటెండరు అని ఉంది. పూర్వానుభవం ఉంది. చదివాక కాస్త వెలితిగా అనిపించింది. గాయనే నయం అనుకున్నాడు. ఆ పుస్తకాన్ని మాత్రం కట్టలో అన్నిటికంటే పైన పెట్టి తాడు ముడేశాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య గుమ్మంలో కూర్చుని కత్తెరలు తుడుచుకుంటోంది.

"పిల్ల పాసయిందా?"

"అయింది. సరిగ్గా నలభై. సీటుకి సరిపోతాయి."

"నేను గీసింది పనికొచ్చిందా మరి?"

"నీది తప్పన్నారు."

"తప్పా? మొదటి రెండిట్లో గీత దాటింది ఒక్కసారే కదయ్యా!"

"అదే తప్పన్నారు."

"మరి నువ్వేం చేశావు?"

"పద్నాలుగు తప్పులు చేశాను. బ్రహ్మాండంగా ఉందన్నారు."

ఆవిడ కత్తెర ఒకసారి ఆడించి చూసి పక్కన పెట్టింది. లోపల పుస్తకాలు సర్దుకుంటున్న కూతురి వైపు చూసింది.

"మూడేళ్లుగా పిల్లకి ఏం చదువు చెప్పిస్తున్నామయ్యా మనం?" అంది.