మా వరండాలో ఆరిన ఈజిప్టు రాజు

మా చిన్నప్పుడు... ఓ ఆదివారం పొద్దున్న, మల్కాపురంలో మా అద్దింటి వరండాలో, నవారు మంచం మీద ఈజిప్టు రాజుగారిని ఆరబెట్టాం.

ఏడో తరగతి సోషల్ ప్రాజెక్టు. ప్రాచీన ఈజిప్టు. మా గ్రూపులో ముగ్గురం... నేను, పక్కవీధి మేరీ, ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ తిరిగే సత్తిబాబు. అవతలి గ్రూపు వాళ్ళు థర్మోకోల్‌తో పిరమిడ్ చేస్తున్నారని తెలిసింది. పిరమిడ్ ఎవరైనా చేస్తారు, మనం లోపలి మనిషినే, ఆ మమ్మీనే చేద్దాం అంది మేరీ. మేరీ అన్నదంటే ఇంక తిరుగులేదు.

రెండు బాలీసు దిళ్ళు బారుగా కలిపి కుట్టాం. తలకి కొబ్బరికాయ. తాతయ్య పాత పంచెలు చింపి, గంజిలో ముంచి, తల నుంచి కాళ్ళదాకా చుట్టేశాం. పాతగా కనబడాలని పసుపు నీళ్ళు చల్లాం. పులిసిన గంజికి ఈగలు ముసురుతుంటే సత్తిబాబు తల దగ్గర అగరొత్తులు వెలిగించాడు. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా వచ్చింది...

బెంగల్లా ఒకటే. అంత పొడుగు రాజుగారిని మడత పడకుండా సోమవారం స్కూలుకి చేర్చేదెలా? ఆటో ఉన్నది ఎదురింటి అప్పల్రాజు మావయ్యకే. ఆయనకీ తాతయ్యకీ పేకాట దగ్గర మాటా మాటా పెరిగి, దసరా నుంచీ మాటల్లేవు. అంతకుముందు బావా బావా అంటూ ఒకే కంచంలో తిన్నవాళ్ళే. "ఆ మనిషి ఆటో ఎక్కారంటే నా మీద ఒట్టే" అనేశాడు తాతయ్య.

ఆ పొద్దున్న తాతయ్య క్షవరానికి వెళ్ళాడు. అమ్మానాన్నా ఏదో పెళ్ళికి వెళ్ళారు. అమ్మమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. మేం మంచం చుట్టూ కూర్చుని ఈగలు తోలుతున్నాం...

అంతలో అప్పల్రాజు మావయ్య గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడవార కూలబడిపోయాడు. ఆయన వెనకే వాళ్ళావిడ, ఆవిడ వెనక వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే.

చావింటికి వెళ్ళినప్పుడు ఎవరు, ఎలా అని అడగరు కదా... వచ్చి కూర్చోవడమే మర్యాద. ఆ మర్యాద మాకేం తెలుసు. మా ప్రాజెక్టు చూడ్డానికి వీధి వీధంతా కదిలొచ్చిందని పొంగిపోయాం.

"నిన్న కూడా కొళాయి కాడ సూసేనమ్మా... ఏటిది, ఎప్పుడైంది?" అన్నాడు మావయ్య.

"రాత్రే మావయ్యా. ఇంకా పూర్తిగా ఆరలేదు" అన్నాను.

"మెదడు ముక్కులోంచి కొక్కెంతో లాగేస్తారండీ. పేగులు జాడీల్లో పెడతారు. మా దగ్గర జాడీలు లేవు" అని విచారంగా చెప్పాడు సత్తిబాబు.

మావయ్య తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

సమయం దొరికింది కదా అని మేరీ అసలు సంగతి అడిగేసింది. "రేపు స్కూలుకి పట్టుకెళ్ళాలండీ. మీ ఆటోలో తీసుకెళ్తారా?"

"స్కూలుకేటమ్మా..."

"మాస్టారు చూడాలి కదండీ. మార్కులేస్తారు."

ఈలోగా అమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మావయ్య వాళ్ళావిడ ఆవిణ్ణి కావలించుకుని ఘొల్లుమంది. ఎవరు పోయారో తెలీకపోయినా అమ్మమ్మ కూడా అందుకుంది... ఎదుటి మనిషి ఏడుస్తుంటే ఊరికే నిలబడితే బాగుండదు కదా.

అప్పుడొచ్చాడు తాతయ్య, నున్నగా క్షవరం చేయించుకుని. జనాన్ని చూశాడు. చెప్పులు విడిచాడు. దసరా నాటి కోపం మరిచిపోయి, వచ్చి అప్పల్రాజు మావయ్య పక్కనే మెల్లగా కూర్చున్నాడు.

"ఎవరు బావా?"

మావయ్య తువ్వాల్లోంచి మొహం తియ్యలేదు. "మా బావ పోనాడు బావా... ఆడితో ఓ మాట కూడా ఆడకుండా పోనాడు" అని వెక్కుతూ తలతిప్పాడు.

ఆ తర్వాత వరండాలో ఎవరు ఎవర్ని తోసుకుని గేటు దాటారో నాకు గుర్తులేదు.

సంగతి తెలిసి అందరూ తిరిగొచ్చాక అమ్మమ్మ ఉగ్రరూపం దాల్చింది. ఇంట్లో ఈ మైల ఏమిటంటూ అందరికీ తలస్నానాలు, రాజుగారితో సహా అంది. బకెట్టు ఎత్తింది. ఒక్క చెంబెడు నీళ్ళు పడితే గంజంతా కరిగి రాజుగారు మళ్ళీ బాలీసులైపోతారు. ముగ్గురం మంచానికి అడ్డం పడి ఏడుపు మొదలెట్టాం.

"వద్దక్కా" అని బకెట్టు పట్టుకున్నాడు మావయ్య. "నానింత ఏడిసేను. ఆ ఏడుపుకైనా పిల్లలకి మార్కులు రావాల."

"నిన్నెవడు ఏడవమన్నాడోయ్" అన్నాడు తాతయ్య. అంటూనే భుజం మీది కండువాతో కళ్ళొత్తుకున్నాడు. తాతయ్య కళ్ళల్లో నీళ్ళు చూడ్డం నాకదే మొదలు.

సోమవారం ఆటోలో వెనక మేం ముగ్గురం, మా ఒళ్ళో అడ్డంగా రాజుగారు. ముందు మావయ్య పక్కన ఒట్టు గట్టునపెట్టిన తాతయ్య. రిఫైనరీ గేటు దగ్గర డ్యూటీకి వెళ్ళేవాళ్ళు పక్కకి తప్పుకుని దణ్ణాలు పెట్టారు. థర్మోకోల్ పిరమిడ్‌కే ఫస్టొచ్చింది, మాకు రెండోది. మేం బయటికి వచ్చేసరికి మెట్లమీద బావలిద్దరూ దసరా నాటి ఆ పేకముక్క గురించే మళ్ళీ వాదించుకుంటున్నారు...

ఇప్పుడు రుషికొండ వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మొన్న మా పై అంతస్తులో ఒక పెద్దాయన పోయారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి... ఒక్క తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడలేదు.

నిజంగా చావున్నా ఎవరూ రాని రోజుల్లో ఉన్నాం. బాలీసుల్ని చూసి ఏడ్చిన మనుషుల మధ్య పెరిగాన్నేను.

మీ వీధిలో అలా అడక్కుండానే వచ్చి కూర్చునే మనిషి ఎవరుండేవారు... కాస్త చెప్పండి, వినాలనుంది.