ఆయనకు చెప్పని వార్తలు

కోర్టు ఎదుటి సందులో జిరాక్స్ అక్కను ఎరగనివాళ్ళు లేరు. ప్లీడర్లు, వాళ్ళ గుమాస్తాలు, వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులరగదీసుకున్నవాళ్ళు, అందరూ ఆమె కొట్టు ముందు నిలబడాల్సిందే. చేతులు కాగితాలు సర్దుతుంటే నోరు దాని పని అది చేసుకుపోతుంది. "రెండో పేజీ తిరగేసి పెట్టారు, జడ్జిగారు తలకిందులుగా నిలబడి చదవాలా?" అని ఎంతటి ప్లీడర్నైనా అనేస్తుంది. ఆ నోటికి నల్లకోటు ఒక్కటే తక్కువని మొదట అన్నది ఆమె మొగుడు.

ఆయన ఆ పక్క కొట్లోనే వాచీలు బాగుచేసేవాడు. పొద్దున్నే ఆమె వంటింట్లో ఉంటే, గుమ్మంలో పీట వేసుకుని పేపరు పైకి చదివేవాడు. చదవడమా అది, పోట్లాట. ఒక్కో మంత్రినీ వరసపెట్టి ఉతికి ఆరేసేవాడు. ఆమె లోపల్నుంచి ఆ మంత్రి తరఫున వాదించేది, కేవలం ఆయన్ని ఉడికించడానికి. ఆమెకు తెలిసిన రాజకీయమంతా అలా చెవిన పడ్డదే. తనంతట తాను పేపరు విప్పి ఎరగదు.

నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం, చేతిలో వాచీ ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. పేపరు మాత్రం ఆగలేదు. ఆపమంటే పేపరతను ఎందుకమ్మా అంటాడు, అప్పుడు చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పలేక, వచ్చిన పేపరును వచ్చినట్టే ముందుగది మూలకు చేర్చింది. దొంతర మీద దొంతర, కిటికీ సగం మూసుకుపోయింది.

కిందటేడు ఆమె పంతం పట్టి, సాయంత్రం క్లాసులు చెప్పే లా కాలేజీకి ప్రవేశపరీక్ష రాసింది. తర్కం ప్రశ్నలు నమిలి మింగేసింది. వర్తమాన రాజకీయాల దగ్గరకొచ్చేసరికి బోర్లాపడింది. వెంట్రుకవాసిలో సీటు పోయింది. ఈసారి కూడా రాకపోతే ఇక జన్మలో ఆ ఊసెత్తనని తన అక్క కూతురితో తెగేసి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి.

ఆ అమ్మాయి అదే కాలేజీలో చదువుతోంది. "నువ్వు పేపరు చదువు పిన్నీ, చాలు. మిగతాదంతా నీకొచ్చు" అని ధైర్యం చెప్పింది.

సరేనని ఈవిడ ఏం చేసిందనుకున్నారు? దొంతర అడుగునుంచి మొదలుపెట్టింది. ఆయన పోయిన మర్నాటి పేపరు తీసి, అక్కణ్ణుంచి ఒక్కటీ వదలకుండా వరసగా చదవడం! పరీక్షలో అడిగేది నేటి సంగతులు, ఈవిడ చదివేది నాలుగేళ్ళనాటివి. నవ్వొస్తే నవ్వండి, కానీ ఆమె ఎలా చదివేదో కూడా వినండి. ఖాళీ పీటను గుమ్మంలో వేసి, ఎదురుగా కూర్చుని పైకి చదివేది.

"చూశారా, మీరు రోజూ తిట్టిపోసిన ఆర్థికమంత్రిని పీకేశారు. ఇప్పుడు సంతోషమా?" అని కాసేపు ఆగేది. ఆయన ఏమంటాడో ఆమెకు తెలుసు. 'వీణ్ణి పీకితే ఏం లాభం, వచ్చేవాడు వీడి తాతలా ఉంటాడు' అంటాడు. దానికి ఆమె దగ్గర జవాబు ఉండనే ఉంది. ఇంట్లో మళ్ళీ మాటలు వినబడుతున్నాయి, మాట్లాడేది ఒక్కరే అయితేనేం. చివరి పేజీలో ఇళ్ళ ప్రకటనలు కూడా వదలకుండా, నెమ్మదిగా, పొదుపుగా చదివింది.

పరీక్ష నెలలోకి వచ్చేసింది. దొంతర సగమే తరిగింది. ఆదివారం అక్క కూతురు వచ్చి పలకరింపుగా నాలుగు ప్రశ్నలు అడిగింది.

"న్యాయశాఖ మంత్రి ఎవరు?"

ఈవిడ ఠక్కున పేరు చెప్పింది.

"పిన్నీ, ఆయన పార్టీ మారి, పదవి ఊడి, ఇంట్లో కూర్చుని ఏడాదైంది."

"అదేంటే, నిన్ననే కదా ప్రమాణం చేశాడు."

అమ్మాయి మూలనున్న దొంతరను చూసింది, పీటను చూసింది. విషయం అర్థమైంది.

"ఇదంతా పాత చింతకాయ పచ్చడి పిన్నీ. ఈ ఏడాదివి మాత్రం చదువు. మధ్యవి వదిలెయ్."

"వరస తప్పుతుందే."

"ఎవరికి?"

ఈవిడ చేతిలో పేపరు మడత పెట్టింది. "మీ బాబాయికి" అంది.

అమ్మాయి నవ్వలేదు. "పరీక్ష నువ్వు రాయాలి పిన్నీ, బాబాయి కాదు" అంది మెల్లగా.

నిజం నిష్ఠూరం. ఈవిడకు ఒళ్ళు మండిపోయి, నీ పని నువ్వు చూసుకోమని పంపించేసింది. ఆ తర్వాత ఏ పేపరూ ముట్టకుండా ముభావంగా తిరిగింది. చివరికి తనే పాతపేపర్లవాణ్ణి పిలిచింది. కళ్ళెదుట ఉంటే చెయ్యి అటే పోతుందని తన సంగతి తనకు తెలుసు. పైనున్న ఏడాదివి పక్కన పెట్టుకుని తక్కినవన్నీ తూకానికిచ్చింది.

"కొన్నిటికి మడత కూడా విప్పలేదేంటమ్మా?" అన్నాడతను.

"తీరిక లేక" అంది.

మిగిలినవి పెన్సిల్ పట్టుకుని, పెదవి కదపకుండా చదివింది. పీట వెయ్యలేదు. పరీక్ష రాసింది. సీటొచ్చింది.

సందంతా ఆ రోజు ఆమెను లాయరమ్మా అని పిలిచింది. ఓ ముసలి ప్లీడరు, "ఇక మా పొట్ట కొడతావన్నమాట" అని ఆటపట్టిస్తే, "మీ పొట్ట కొట్టడానికి ఇంకా మూడేళ్ళుంది, ఈలోగా తగ్గించుకోండి" అని నవ్వించింది. కొట్టు కట్టేసి ఇంటికొచ్చి తలుపు వేసుకుంది. చెప్పులు విడుస్తూనే అనేసింది.

"ఏమండీ, సీటొచ్చింది."

ఏమడిగారంటాడు. అడక్కుండా ఊరుకునే మనిషా?

"మంత్రులు ఎవరెవరని అడిగారు. ఈసారి తప్పలేదు" అని కొత్త న్యాయశాఖ మంత్రి పేరు చెప్పింది.

చెప్పి ఆగింది. ఆ పేరు ఆయన ఎరగడు. ఇతను ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు, ఎవర్ని తోసి వచ్చాడు, ఆ పాతాయన పార్టీ ఎందుకు మారాడు, అన్నీ మొదట్నుంచి చెప్పుకురావాలి. ఏం చెబుతుంది? అవి ఆమే చదవలేదు.

ఇంకాస్సేపు చూసింది. ఆయన ఏమంటాడో ఆమెకు ఎంతకూ తట్టలేదు.