ఉగ్గుగిన్నెలో చెల్లెలి పాలు

నా చెల్లెలంత మొండి మనిషి మా ఇంటా వంటా లేదు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలంలో నంద్యాల ఆసుపత్రిలో దానికి ఆడపిల్ల పుట్టింది. మర్నాడే తల్లికి పాజిటివ్ అన్నారు. బిడ్డకు లేదు. మా మరిది అప్పటికే అదే జబ్బుతో ఆళ్లగడ్డలో గది తలుపు వేసుకుని పడి ఉన్నాడు. మా అమ్మ ఏనాడో పోయింది. ఇక ఆసుపత్రి దగ్గర మిగిలింది నేనూ, చెల్లెలి అత్తగారూ.

జ్వరం వచ్చిన తల్లి పాలు బిడ్డకు పట్టకూడదని, పిండి పారబోయాలని మా వైపు పెద్దవాళ్ల నమ్మకం. మామూలు జ్వరానికే అంత మాట, ఇక కరోనా అంటే చెప్పాలా! అత్తగారు గుమ్మం బయటినుంచే చేతులు చాచింది.

"జ్వరం పాలు తాపుతావా ఏందీ? బిడ్డను ఈడికియ్యి. మీ అక్క ఇంట్లో పెట్టుకుని డబ్బాపాలు పోస్తా."

"డాక్టరమ్మ వద్దంటే ఇస్తా అత్తా. నువ్వంటే ఇయ్యను," అంది మా మొండిఘటం.

డాక్టరమ్మ వద్దనలేదు. పాలిచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కోమంది, మాస్కు తీయొద్దంది, తాగాక బిడ్డ ఊయలను దూరంగా పెట్టమంది. పాలలోంచి జబ్బు అంటుకున్నట్టు ఎక్కడా తేలలేదనీ, జబ్బును తట్టుకునే బలం ఆ పాలలోనే ఉందనీ చెప్పింది. అత్తగారు సగమే నమ్మింది. మిగతా సగానికి ఉపాయంగా, తన పాత నూలుచీర చింపి అరచేతిలో ఇమిడేంత మాస్కు కుట్టి, బిడ్డ మూతికి కట్టమని ఆయాతో లోపలికి పంపింది! చెల్లెలు వెంటనే ఫోన్ చేసింది.

"పసిబిడ్డ మూతికి గుడ్డ కడతారా అత్తా? ఊపిరి యాడ తీసుకుంటాది?"

నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. కట్టి ఉంటే ఏమయ్యేదో.

అంతా గాడిన పడిందనుకుంటే చెల్లెలికి ఆయాసం మొదలైంది. ఆక్సిజన్ వార్డుకు మార్చి, బిడ్డను నా చేతిలో పెట్టారు. నంద్యాలలోనే మా ఇల్లు. దారిలో డబ్బాపాలు కొన్నాం. ఊపిరి కోసం పెనుగులాడుతున్న మనిషిని పాలు ఇమ్మని ఏ నోటితో అడుగుతాం?

అడగకుండానే పంపింది. మరుసటి రోజు నర్సు గేటు దగ్గరికి మూత బిగించిన చిన్న సీసా తెచ్చిచ్చింది. అడుగు తడిసేంత పాలున్నాయి. ఇంటికి తీసుకెళ్తే అత్తగారు ముఖం తిప్పుకుంది.

"నేను తాపను. ఏమన్నా అయితే నా ఉసురు పోతాది."

నాకు ఒళ్లు మండింది. ఆమెతో వాదించే ఓపిక లేక చెల్లెలికి వీడియో కాల్ చేసి, ఫోన్ ఆమె ముందు పెట్టాను. తెరమీద చెల్లెలు భుజాల దాకా కనిపించింది. ముఖం మీద ఆక్సిజన్ మాస్కు, నుదుటి మీద చెమట. పాలు పిండుకుంటోంది. కాసేపు పిండి ఆగిపోతోంది, కళ్లు మూసుకుని ఊపిరి కూడదీసుకుంటోంది, మళ్లీ మొదలుపెడుతోంది.

"పంపిన పాలు... తాగిందా అక్కా?"

నేను నోరు తెరిచేలోగా అత్తగారు అందుకుంది. "తాగుతాదిలే తల్లీ. నువ్వు బేగా లేచిరా."

ఫోన్ పెట్టేసి, బిడ్డ కోసం తెచ్చిన మూటలోంచి ఉగ్గుగిన్నె తీసింది. దాని మూతి సన్నగా, ముందుకు సాగి ఉంటుంది. మరిగే నీళ్లలో వేసి తీసి, ఆరాక పాలు పోసి, బిడ్డ తల ఎత్తి పట్టుకుని పెదవికి తాకించింది. "ప్రభువా" అంటూ ఒక్కో చుక్క తాపింది. చాలని పాలకు డబ్బాపాలు తోడయ్యాయి. కానీ సీసా పాలు అయ్యేదాకా ఆ డబ్బా మూత తీయనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే నా వెంట పడేది: "ఏం చేస్తాండావ్ పాపా? బండి తియ్యి, పాలొచ్చింటాయి." అంత భయపడ్డ మనిషి అలా మారడం చూస్తే ముచ్చటేసేది.

చెల్లెలు కోలుకుంది, అప్పటికి మరిదీ లేచి తిరుగుతున్నాడు. అందరమూ ఆళ్లగడ్డ చేరాం. ఇల్లు చేరీ చేరగానే బిడ్డను ఒడిలోకి తీసుకుంది. బిడ్డ రొమ్ము పట్టలేదు! గిన్నెకు అలవాటు పడిన నోరు, చప్పరించడమే మరిచిపోయింది. మొహం తిప్పుకుని గుక్కపెట్టి ఏడ్చింది. ఆక్సిజన్ మీద కూడా కంటతడి పెట్టని నా చెల్లెలు భోరుమంది. "నన్ను మరిచిపోయింది అక్కా. ఇంక తాగదు."

అత్తగారు కోడలి పక్కన చతికిలబడింది.

"యాడికి పోతాదిలే. ఏడవకుండా పట్టుకో, కదలొద్దు."

కోడలు పిండి ఇచ్చిన పాలను ఉగ్గుగిన్నెలో పోసి, బిడ్డ పెదవుల మీద కాదు, కోడలి రొమ్ము మీద ఒక్కో చుక్కా జారవిడిచింది. చుక్క కిందికి జారి బిడ్డ నోటికి తగిలింది. బిడ్డ ఏడుపాపి నాకింది. మళ్లీ చుక్క, మళ్లీ నాకింది. ఉన్నట్టుండి చెల్లెలు ఉలిక్కిపడి, అత్త చేయి పట్టి ఆపింది.

"గిన్నె తీసెయ్ అత్తా. తాగుతాంది."