నాలుగు మూరల రంపం

మొన్న మణికొండలో మనవరాలింటికి వెళ్తే, ఆమె భర్త ఎండిన చింత మొద్దును బల్లగా చేసుకోవాలని కరెంటు రంపం తెచ్చుకుని, దాని బ్లేడు మొద్దు అవతలికి అందక, పొడుగు బ్లేడు కోసం మూడు రోజులుగా ఫోనులో వెతుకుతున్నాడు. చివరికి ఇంటికే వచ్చిన ఆ బ్లేడు నా మూరకు నాలుగు వేళ్లు తక్కువే ఉంది. దీన్నా పొడుగంటారని నవ్వుకున్నాను. అయినా ఊరుకోలేక, మొద్దు కదలకుండా బిగించుకో, కళ్లద్దాలు పెట్టుకో, పొడుగుదాన్ని బలవంతంగా తోస్తే వంగి ఎటు ఎగురుతుందో తెలియదు అని వరసపెట్టి చెప్తుంటే, ఈ ముసలమ్మకు రంపాల సంగతి ఎట్లా తెలుసా అని అతను నోరు తెరిచాడు.

డెబ్బైల మొదట్లో, నాకు పెళ్లయిన ఏడాది సంగతది. ఇప్పుడు అద్దాల మేడలున్న నానక్‌రామ్‌గూడ అప్పుడు రాళ్ల గుట్టల నడుమ చిన్న ఊరు. అత్తగారిల్లు అంతకుముందు వానలకే కూలిపోయింది. మళ్లీ వానలు పడేలోగా దూలం ఎక్కించి కప్పు వేయకపోతే అత్తమ్మతో సహా ముగ్గురం పశువుల కొట్టంలోనే ఉండిపోవాలి. పెద్ద వేప మొద్దయితే ఉంది గాని, దాన్ని నిలువునా చీల్చేంత పొడుగు రంపం లేదు. మా ఆయన పట్నంలో దుకాణాలన్నీ తిరిగి, ఆఖరికి పాత ఇనుప సామాన్లమ్మే చోట తుప్పుపట్టిన నాలుగు మూరల రంపం సంపాదించి, పళ్లకు పాత సైకిల్ టైరు తొడిగి, బస్సు మీద కట్టించి తెచ్చారు. రెండు రోజులు ఆకురాయితో నూరితే గాని అది దారికి రాలేదు.

కోతకు ఇద్దరు కావాలి, పనివాళ్లెవరూ దొరకలేదు, నేనే కొంగు బిగించాను. మొద్దును ఎత్తుగా బిగించి ఆయన పైన నిలబడ్డారు, నేను కింద. ఎవరి వంతుకు వాళ్లు లాగాలి, అవతలివాళ్ల వంతులో వదులుగా పట్టుకోవాలే గాని తోయకూడదు. కాసేపు బాగానే సాగింది. అంతలో రంపపు పొట్టు నా కంట్లో పడింది. ఆగమని చెప్పాలి, కానీ ఎదురుగా అత్తమ్మ కూర్చుని ఉంది. కొత్త కోడలు అత్త ముందు మొగుడితో మాట్లాడటం ఎంత తప్పో మీకు నేను చెప్పాలా? మాటకు బదులు, ఆయన పైకి లాగుతుంటే నేనూ రంపాన్ని పైకి తోశాను. అది ఒక్కసారిగా వంగి, కోతలోంచి ఎగిరి, పళ్లు ఆయన మోకాలిని ఒరుసుకుంటూ పోయాయి. పంచె చిరిగింది, కాలు దక్కింది. రంపం విరగలేదని చూసుకున్నాకే నాకు ఊపిరి వచ్చింది.

అత్తమ్మ లేచి వస్తుంటే ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె తన కొంగుతో నా కన్ను తుడిచింది.

“రంపం పట్టినంక సిగ్గేంది బిడ్డా? ఆగు అను. ఎవ్వలున్నా సరే, గట్టిగ అను.”

ఆ రోజు ఇరవై సార్లయినా అని ఉంటాను. అందులో సగం ఉత్తుత్తివేనని ఆయనకూ తెలుసు, అయినా ప్రతిసారీ నవ్వుతూ ఆగారు. వానలు మా కొత్త పెంకుల మీదే పడ్డాయి.

మొన్న మనవరాలు వంటింట్లోంచే మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి, ఇక ఆపి అన్నానికి రమ్మంది. ఎంత సులువుగా అనేసిందో అని ముచ్చటేసింది. నాకు ఆ ఒక్క మాట దక్కడానికి నాలుగు మూరల రంపం కావలసి వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్లు నేను ఆగమంటే ఆయన ఆగేవారు. చివరికి దవాఖానలో ఆయన చెయ్యి పట్టుకుని, అందరి ముందూ గట్టిగానే అన్నాను. ఆ ఒక్కసారే వినలేదు.