జానయ్య పొద్దుటి ప్రశ్న

కేతేపల్లిలో జానయ్య ఎవరినైనా పలకరించాడంటే "బాగున్నవా" అనడు. "ఒంటికి పోతే ఏ రంగొచ్చింది?" అంటాడు. ఇది తప్ప ఆయనలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ కోడలు గ్లోరీ పరువు తీయడానికి ఇదొక్కటే సరిపోయింది.

పాలు పోసే ఐలేశాన్ని అడిగితే "పాలు తెల్లగున్నయ్, సాలదా?" అని సైకిలెక్కాడు. చర్చిలో ప్రార్థన ముగిసీ ముగియకముందే పాస్టరుగారిని అడిగాడు. ఆయన "ఆమెన్" అనబోయి "లేత పసుపు" అన్నాడు. పక్కింటామె అండాలు కూతుర్ని చూడవచ్చిన పెళ్లికొడుకునూ వదల్లేదు. సంబంధం కుదిరింది, అది వేరే సంగతి.

"మామకు జర చెప్పు," అని గ్లోరీ తన మొగుడు డానియల్ మీద పడేది.

"నన్నూ అడుగుతుండు. ఏం జెయ్యాలె?" అనేవాడతను.

గ్లోరీకి ఊపిరితిత్తుల క్యాన్సర్. హైదరాబాద్ దవాఖానలో రోజుకొక మాత్ర ఇచ్చారు, క్యాన్సర్ కణాలనే గురిపెట్టి కొట్టేది. దాంతో దగ్గు తగ్గి, మళ్లీ పత్తి చేనుకు పోగలిగింది. ఆ మాత్ర ఎక్కడ ఆపేస్తారోనన్నదే ఆమె భయం. అందుకే ఒంట్లో ఏ తేడా వచ్చినా పైకి చెప్పేది కాదు.

ఒకనాడు పొద్దున జానయ్య వరసగా అడుగుతున్నాడు. అండాలు "నీళ్ల లెక్క" అంది. డానియల్ "గట్లనే" అన్నాడు. ఆ ఊపులో గ్లోరీ నోరు జారింది.

"నాది డికాషన్ లెక్కుంది మామా."

జానయ్య ఆమె కళ్లు చూశాడు. కామెర్లొచ్చినట్టు పచ్చబడి ఉన్నాయి.

"పసిరికలే. పక్కూళ్లె పసరు పోస్తరు, తోల్కపోత," అని డానియల్ బండి తీశాడు.

"పసరు వద్దురా. గీ మాత్రతోని కార్జం దెబ్బ తింటదని డాక్టరమ్మ ముందే చెప్పింది. పసరు పోస్తే ఇంకింత ఖరాబైతది. దవాఖానకు నడువు."

డాక్టరమ్మ రక్తపరీక్ష చేసి మాత్ర ఆపించింది. "తొందరగా వచ్చారు కాబట్టి సరిపోయింది," అంది. కొన్నాళ్లకు కాలేయం కుదుటపడ్డాక అదే మాత్ర తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టింది. గ్లోరీకి ప్రాణం లేచొచ్చింది.

మాత్ర మళ్లీ ఇచ్చిన రోజు, మామతో తిరుగు బస్సులో వస్తుంటే ఆమెకు తట్టింది. మాత్ర మొదటిసారి ఇచ్చినప్పుడు, మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే చెప్పాలంది డాక్టరమ్మ. మామ పక్కనే ఉండేసరికి తను సిగ్గుతో చచ్చిపోయింది. మామ ఊరి మీద పడింది ఆ మర్నాటి నుంచే.

"నన్నొక్కదాన్ని అడిగితే అయిపోయేది గదా మామా. ఊరందరి నోట్ల ఎందుకు పడ్డవు?"

"కోడల్ని పట్టుకొని గా మాటెట్లడుగుత బిడ్డా? అందరినీ అడిగితే అండ్ల నువ్వొకదానివైతవు."

 ఇటువంటి మామనిచ్చినందుకు గ్లోరీ దేవునికి మనసులోనే దండం పెట్టుకుంది.

"ఇగ అడగకు మామా. నేనే చెప్త."

"నువ్వు చెప్పు. గని నేను బంద్ జెయ్య," అన్నాడు జానయ్య. "ఇప్పుడు అడగకపోతే నాకేదో రోగమొచ్చిందనుకుంటరు ఊరోళ్లు."