నాలుగో తలుపు వాళ్ళూ, మా చక్రవర్తీ

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బయట సన్నగా తుంపర. పొద్దుటి నుంచి మూడు లారీలు దించామేమో, నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. క్యారేజీ మూత తీసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, "బావా, వాళ్ళు దిగిపోయారు!" అన్నాడు చక్రవర్తి. ఎవరా అని తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. దిగింది అతని ఫోన్లోకి.

చక్రవర్తి అన్నది మేం పెట్టిన పేరు. యాభై దాటిన మనిషి. ఎడమ మోకాలు అరిగిపోయింది. గోడౌన్లో బస్తాలు దించే మా ఎనిమిది మందిలో ఆఖర్న చేరింది అతనే. తీరిక దొరికితే ఫోన్లో అంతరిక్షం ఆట. నల్లటి ఆకాశంలో గ్రహాలుంటాయి, ఒక్కోదాని మీద మనుషుల్ని దింపి ఊరు కట్టాలి. అప్పటికి పదకొండు కట్టాడు.

ఒకసారి వాళ్ళింటికి వెళ్తే వాళ్ళావిడ నాతో మొరపెట్టుకుంది. "ఉండేది రెండు గదులు అన్నయ్యా, ఈయనగారు ఏలేది పదకొండు గ్రహాలు. వంటగదిలో బల్బు మార్చమని నెల రోజుల నుంచి మొత్తుకుంటున్నా. అంత దూరం సైన్యం అందదట!"

ఆ మధ్యాహ్నం దిగింది పక్క రాజ్యం వాళ్ళు. సరిగ్గా ఇతని సరిహద్దు పక్కనున్న గ్రహం మీద పాగా వేశారు.

"కొట్టెయ్" అన్నాను నములుతూ.

"నీకు కొట్టడం తప్ప ఏం తెలుసు బావా? కొడితే ఉన్న ఓడలు పోతాయి, ఆ ఊరూ మిగలదు. వాళ్ళకి దారి తెరవాలి, సరుకు పంపాలి. వాళ్ళ రాజు ఎక్కడో ఉంటాడు, పట్టించుకోడు. మనం రోజూ కళ్ళెదురుగా ఉంటాం. కొన్నాళ్ళకి వాళ్ళంతట వాళ్ళే జెండా మార్చేస్తారు."

"కొన్నాళ్ళంటే?"

"ఆటలో అయితే నలభై ఏళ్ళు."

"ముందు నీ మోకాలు నలభై రోజులు ఆగుతుందేమో చూసుకో" అన్నాడు మా మేస్త్రీ. అందరం నవ్వాం.

ఆ వారమే మాకూ పొరుగు దిగింది. గోడౌన్‌కి నాలుగు తలుపులు. మూడు మావి, నాలుగోది మూసే ఉండేది. కొత్త కాంట్రాక్టరు ఐదుగురిని తెచ్చి దాన్ని తెరిపించాడు. రెండో రోజుకల్లా వాళ్ళ బల్ల మా మూడో తలుపు ముందున్న రేకుల నీడలోకి వచ్చింది. మూడో రోజుకి నీళ్ళ క్యాను వచ్చింది. నాలుగో రోజు సూపర్‌వైజరు వచ్చి, నెలాఖరున చెరో ఐదుగురితో ఒక్కో లారీ దింపించి చూస్తాననీ, ఎవరు ముందు దించితే మూడో తలుపు వాళ్ళదనీ చెప్పి పోయాడు.

ఆ తలుపు పోతే మాలో ఒక మనిషి ఎక్కువవుతాడు. ఆఖర్న చేరినవాడు ముందు పోవాలన్నది మా పద్ధతి. అందుకే ఆ పూట చక్రవర్తి వైపు ఎవరం సూటిగా చూడలేదు.

"రేపు పొద్దున్నే ఆ బల్లెత్తి అవతల పారేద్దాం" అన్నాడు మేస్త్రీ.

"వద్దు మేస్త్రీ, వాళ్ళని నాకొదిలెయ్."

"ఓడలు తెప్పిస్తావా ఏంటి?"

"ఓడలెందుకు? క్యారేజీ చాలు."

మర్నాటి నుంచి చక్రవర్తికి మధ్యాహ్నం అక్కడే, వాళ్ళ బల్ల మీదే తిండి. మొదట్లో వాళ్ళు పలకనైనా లేదు. ఇతనే చొరవ చేసి, కీచుమంటున్న వాళ్ళ తోపుడుబండి చక్రానికి గ్రీజు పెట్టాడు. బస్తాలు ఒకదాని మీద ఒకటి తిన్నగా పేర్చి రోజూ కూలదోసుకుంటుంటే చూడలేకపోయాడు. "ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం వెయ్యండయ్యా. మూతులు లోపలికి తిప్పండి. కుట్టు ఊడినా గింజలు కాళ్ళ కింద పడవు" అని దగ్గరుండి నేర్పాడు. పది రోజులకి వాళ్ళ పెద్ద, అందరూ పొడుగాయన అంటారు, ఇతన్ని 'గురువుగారూ' అని పిలవడం మొదలెట్టాడు. మా వైపు అతన్ని గారు అన్న నోరు ఒక్కటీ లేదు.

"ఏమయ్యా, మార్చారా జెండా?" అని అడిగాను.

"సగం దాకా వచ్చింది బావా. వాళ్ళ కాంట్రాక్టరు అసలు మొహమే చూపించడు. ఏం కావాలన్నా మనల్నే అడుగుతున్నారు."

"మనల్నా, నిన్నా?"

వినపడనట్టు ఫోన్లో ఓడ జరుపుకున్నాడు.

ఆ సాయంత్రమే మేస్త్రీ దగ్గర బయటపెట్టాడు. "వాళ్ళు మనలో కలవడానికి ఒప్పుకున్నారు మేస్త్రీ. నువ్వు ఊ అంటే పదమూడు మందిమీ ఒకటే జట్టు, నాలుగు తలుపులూ మనవే. ఎవరూ ఇంటికి పోనక్కర్లేదు."

ఆ చివరి మాట అంటూ ఎడమ మోకాలు రుద్దుకున్నాడు. మేస్త్రీ పట్టించుకోలేదు. "ఏదో సరదాకి చక్రవర్తి అంటే నాకే ఆజ్ఞలు వేస్తున్నావే!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

నెలాఖరున సూపర్‌వైజరు గడియారం పట్టుకుని నిలబడ్డాడు. మేం ఎప్పటిలాగే దించాం. అవతల ఐదుగురూ నిలువు, అడ్డం, నిలువు, అడ్డం పేర్చుకుంటూ పోయారు. ఒక్క బస్తా జారలేదు. మాకింకా రెండు వరసలుండగానే వాళ్ళు చేతులు దులుపుకున్నారు. మూడో తలుపు వాళ్ళదైపోయింది.

"భలే పెంచావయ్యా పక్క రాజ్యాన్ని" అన్నాడు మేస్త్రీ. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రీ చక్రవర్తి ముందుకొచ్చి నిలబడ్డాడు. తలగుడ్డ విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. చక్రవర్తి అతన్నంత కష్టపెట్టలేదు. మేకుకి తగిలించిన క్యారేజీ తీసుకుని, కుంటుకుంటూ బయటికి నడిచాడు. గేటుకేమో అనుకున్నాం. గేటుకి కాదు. పదిహేను అడుగులు వేసి మూడో తలుపు దగ్గర ఆగాడు. పొడుగాయన లారీ మీంచి దూకి, అతని చేతిలోంచి క్యారేజీ అందుకున్నాడు.

"బావా!" అని నేనే పిలిచాను. మా మధ్య ఉన్నది పదిహేను అడుగులే, వినపడలేదని అనుకోడానికి లేదు. వెనక్కైనా తిరక్కుండా, లారీ పక్కకి వెళ్ళి వీపు వంచాడు. పైనున్నవాడు మొదటి బస్తా మెల్లిగా దించాడు.