అబ్బా కడిగిన విమానాలు

నిన్న బాపట్లలో బిర్యానీ తిన్నాక, చేతులు తుడుచుకోమని హోటల్ వాళ్ళు ఒక చిన్న పొట్లం ఇచ్చారు. చింపగానే నిమ్మ వాసన వచ్చింది. తెనాలిలో మా పాత ఇల్లు కళ్ళ ముందు నిలబడింది.

విమానంలో ఇచ్చే ఆ తడి కాగితాలు, బుల్లి ఉప్పు పొట్లాలు, ప్లాస్టిక్ చెంచాలు గుర్తున్నాయా? గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా పిల్లలకి ముందు అవే కదా! మా నాన్నని మేం అబ్బా అనేవాళ్ళం. ఆయన అక్కడ ఒక చిన్న దేశపు విమాన సంస్థలో విమానాలు కడిగేవారు. చేరినప్పుడు ఉన్నవి చిన్న చిన్న విమానాలేనట. ఇరుగుపొరుగు దేశాలు కూడా వాటా పెట్టడంతో సంస్థ పెద్దదయ్యింది. అబ్బా గొంతు రికార్డు చేసి పంపే క్యాసెట్లలో ఎప్పుడూ ఆ సంబరమే: "మాకు ఇంకో పెద్ద విమానం వచ్చింది బేటీ!"

తర్వాత ఆ దేశాలు ఒక్కొక్కటే సొంత సంస్థలు పెట్టుకుని తప్పుకున్నాయి. విమానాలు చాలావరకు అమ్మేశారు. అబ్బాని ఇంటికి పంపేశారు.

వచ్చిన రోజు అమ్మీ అన్నం వడ్డిస్తూ, "పోనీలెండి, ఇంకో కంపెనీ చూసుకోవచ్చు" అంది.

"అమ్మేసిన విమానం మీద మా కంపెనీ పేరు నాచేతే గీకించారు" అన్నారు అబ్బా. "రోజూ తుడిచి మెరిపించిన అక్షరాలు. ఒక్కటి కూడా కనపడకుండా గీకాను."

"ఊరుకోండి. ముందు తినండి."

ఆయన తినలేదు. కలిపిన అన్నం వేళ్ళ మీద ఎండిపోతున్నా అలాగే కూర్చున్నారు. ఆ పూట మా ఇంట్లో ఎవరమూ తినలేదు.